బెలూను, పింగ్‌పాంగ్ బంతి, ఆరు శనివారాలు: ఒక ప్రసవ సన్నాహక తరగతిపై సమీక్ష

ప్రసవానికి సిద్ధం చేసే తరగతుల్లో 6,500 రూపాయలు కట్టి చేరానని చెప్పినప్పుడు మా పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, "కనడానికి కూడా ట్యూషనా?" అని అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు పాపకు ఏడో నెల నడుస్తోంది కాబట్టి, ఆ డబ్బుకు ఏం దొరికిందో ఏం దొరకలేదో కొంత నెమ్మదిగా చెప్పగలననుకుంటున్నాను.

సికింద్రాబాదు వైపు ఒక కాలనీలో, ఒక ఇంటి మొదటి అంతస్తులోని రెండు గదుల్లో ఈ తరగతులు జరుగుతాయి. ఆరు శనివారాలు, ఒక్కొక్క తరగతి రెండున్నర గంటలు, బ్యాచ్‌కు ఎనిమిది జంటలు. పైన చెప్పిన రుసుము భార్యాభర్తలిద్దరికీ కలిపి. ఏడో నెల నిండాక చేర్చుకుంటారు. నడిపే ఆవిడ మొదట ఫిజియోథెరపిస్టుగా పనిచేసి, తర్వాత ప్రసవ శిక్షణలో ప్రత్యేకంగా చదువుకున్నారు. మెచ్చుకోవలసిన వాటితో పాటు తప్పుపట్టవలసినవి కూడా ఉన్నాయి కనుక పేరు రాయడం లేదు. ఇటువంటి తరగతులు ఇప్పుడు నగరంలో చాలాచోట్ల జరుగుతున్నాయి, ఎక్కడ చేరదలచినా ముందుగా చూసుకోవలసిన విషయాలు దాదాపు ఇవే.

నేను ఎందుకు చేరానో చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం ఉండదు. నాకు తొమ్మిదేళ్ళ వయసులో మా పిన్ని కాన్పుకు వెళ్ళినప్పుడు, ఇంట్లో వదిలిపెట్టడానికి ఎవరూ లేక నన్ను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. వరండాలో బల్లమీద కూర్చుని ఒక రాత్రంతా ఆవిడ కేకలు విన్నాను. మధ్యలో ఒక నర్సు గట్టిగా గదమాయించడం కూడా వినిపించింది. తెల్లవారాక పిన్ని నవ్వుతూ తమ్ముణ్ణి చూపించిందనీ, వేడివేడి కాఫీ తాగిందనీ అమ్మ ఇప్పటికీ గుర్తు చేస్తుంది గాని, నాకు ఆ సగం అసలు గుర్తులేదు. పెళ్ళయిన తరువాత నాలుగేళ్ళపాటు పిల్లల మాట వచ్చినప్పుడల్లా ఆఫీసులో పదోన్నతి పరీక్షలని చెప్పి తప్పించుకున్నాను. అసలు కారణం ఆ వరండా అని మావారికి కూడా చెప్పలేదు.

ఈ భయానికి వైద్యంలో ఒక పేరుంది. క్రిస్టినా హాఫ్‌బర్గ్, ఇయాన్ బ్రాకింగ్టన్ అనే ఇద్దరు మనోవైద్యులు 2000లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో రాసిన వ్యాసంలో దీన్ని టోకోఫోబియా అన్నారు. గ్రీకులో టోకోస్ అంటే ప్రసవం. మొదటి కాన్పుకు ముందే ఉండే భయం వేరు, ఒక కాన్పులో దెబ్బతిన్న తరువాత పుట్టే భయం వేరు అని వాళ్ళు విడదీసి చూపించారు. మన ఇళ్ళలో దీనికి పేరు లేదు, కాని దీన్ని పెంచే ఏర్పాటు మాత్రం బాగానే ఉంది. నా సీమంతంలో గాజులు తొడగడానికి వచ్చిన ఏడుగురు ముత్తైదువుల్లో అయిదుగురు తమ కాన్పు కథ చెప్పారు. ఒకరికి రెండు రోజుల నొప్పులు, ఒకరికి రక్తం ఆగకపోవడం, ఒకరికి బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం. చివర్లో అందరూ కలిసి "ఆడదానికి కాన్పంటే పునర్జన్మ" అని ముగించారు. ఆ మాటలో తల్లి పట్ల గౌరవం ఉంది, నిజమే. అయితే ఎనిమిదో నెలలో పీటమీద కూర్చున్న మనిషికి మాత్రం దానిలోని చావు ఒక్కటే వినిపిస్తుంది.

మొదటి శనివారం తరగతి నడిపే ఆవిడ పాఠం మొదలుపెట్టకుండా అందరికీ తలా నాలుగు చీటీలు ఇచ్చి, పేరు రాయకుండా ఒక్కో చీటీమీద ఒక్కో భయం రాయమన్నారు. తరువాత వాటిని కలిపేసి, పైకి చదువుతూ గోడకు అంటించారు. కుట్లు వేస్తారేమో. అరిస్తే తిడతారేమో. నొప్పుల్లో మలవిసర్జన అయిపోతుందేమో. అలా చూశాక ఆయన నన్ను ఇదివరకటిలా చూడరేమో. బిడ్డ అడ్డం తిరుగుతుందేమో. చచ్చిపోతానేమో. ఎవరో భర్త రాసిన చీటీ ఒకటి ఉంది: "తల్లి కావాలా, బిడ్డ కావాలా అని డాక్టరు నన్ను అడుగుతారా?" సినిమాలు మన మగవాళ్ళకు ప్రసవం గురించి నేర్పింది ఈ ఒక్క ప్రశ్నే కాబట్టి నవ్వు వచ్చింది గాని, రాసినతను నవ్వి ఉండడు. అటువంటి తేల్చుకోవలసిన సందర్భం ఇప్పటి ఆసుపత్రిలో ఎందుకు ఎదురుకాదో, అత్యవసరమైతే తల్లి ప్రాణమే ముందుగా ఎలా చూస్తారో చెప్పి ఆ చీటీని ఆవిడ అదే రోజు తీసేశారు. మిగతావి ఏ వారం పాఠంలో దేనికి సమాధానం దొరికితే ఆ వారం తీసేస్తామన్నారు.

నాకు ఈ తరగతిలో అన్నిటికన్నా నచ్చిన పద్ధతి ఇదే. భయపడవద్దని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. ఇరవై ఏళ్ళుగా నాలో ఒకే ముద్దగా ఉన్న దాన్ని గోడమీద అన్ని చీటీలుగా చూసినప్పుడు, అందులో సగం నావి కావని మొట్టమొదటిసారి తెలిసింది. నాకు కుట్ల భయం లేదు, ఆపరేషన్ భయం లేదు. నాకున్నది రెండే: ఎంతసేపు పడుతుందో తెలియకపోవడం, ఒంటరిగా ఉండి తిట్లు తినడం. ఈ రెండూ చావు భయంలా దేవుడికి వదిలేయవలసినవి కావు.

"చచ్చిపోతానేమో" అన్న చీటీని మాత్రం ఆవిడ తీయలేదు. ప్రసూతి మరణాలకు ముఖ్యంగా అధిక రక్తస్రావం, రక్తపోటు, ఇన్‌ఫెక్షన్ కారణమవుతాయని, వాటిలో ఒక్కొక్కదాన్ని ముందుగా ఎలా పసిగడతారో, కాన్పు అయిన వెంటనే రక్తస్రావం ఆగడానికి ఏ ఇంజెక్షన్ ఎందుకిస్తారో వివరించారు. 2018-20 కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు (ఎస్‌ఆర్‌ఎస్) లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45 ప్రసూతి మరణాలు సంభవించాయని బోర్డుమీద రాశారు. ఆ తరువాత ఆ చీటీని గోడ మధ్యలోంచి తీసి ఒక మూలకు అంటించారు. సున్నా కానిదాన్ని సున్నా అని చెప్పకపోవడం వల్లనే తరువాత ఆవిడ చెప్పినవన్నీ నమ్మగలిగాను.

రెండో వారం బెలూను పాఠం. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పుస్తకంలో బొమ్మ చూసి నాకు తెలుసుననుకున్న విషయం నిజంగా తెలిసింది అప్పుడే. ఒక బెలూనులో పింగ్‌పాంగ్ బంతి పెట్టి, గాలి ఊది, మూతి దగ్గర వేళ్ళతో పట్టుకుని తలకిందులుగా తిప్పితే బంతి వచ్చి మెడలో కూర్చుంటుంది. బెలూను గర్భసంచి, బంతి బిడ్డ తల, బెలూను మెడ గర్భసంచి మూతి. ఇప్పుడు బెలూను పై భాగాన్ని రెండు చేతులతో మెల్లగా నొక్కాలి, వదలాలి, మళ్ళీ నొక్కాలి. మొదటి పది పదిహేను నొక్కులకు బయటికి ఏ మార్పూ కనబడదు. జాగ్రత్తగా చూస్తే మాత్రం పొడవుగా, మందంగా ఉన్న మెడ కొద్దికొద్దిగా పొట్టిబడి, పలచబడి, బెలూనులో కలిసిపోతూ ఉంటుంది. అలా పూర్తిగా పలచబడ్డాక గాని మూతి విచ్చుకోవడం మొదలుకాదు. మావారు నొక్కుతూ నొక్కుతూ విసిగిపోయి "ఇది అవదు" అంటుండగానే బంతి జారి, దొర్లుకుంటూ కుర్చీ కిందికి పోయింది.

పిన్ని విషయంలో ఇంట్లో చెప్పుకునే "రాత్రంతా నొప్పులు పడ్డా ఏమీ కాలేదు" అన్న మాటకు అర్థం నాకు ఇరవై నాలుగేళ్ళ తరువాత తెలిసింది. ఏమీ కాకపోవడం కాదు, మెడ పలచబడుతోంది. అది లెక్కలోకి వచ్చే పనేనని అక్కడ ఉన్న ఎవరూ ఆమెకు చెప్పలేదు.

సమయం గురించిన పాఠం కూడా ఇంతే పనికివచ్చింది. ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా వైద్యుడు 1955లో గీసిన రేఖాచిత్రం ఆధారంగా, గర్భసంచి మూతి గంటకు ఒక సెంటీమీటరు చొప్పున విచ్చుకోవాలన్న లెక్క దశాబ్దాలపాటు ప్రసూతి గదుల్లో నడిచింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఆ లెక్క చాలామంది స్త్రీలకు సరిపోదని, చురుకైన దశ అయిదు సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని, అక్కడినుంచి తొలిచూలు వారికి సాధారణంగా పన్నెండు గంటలు దాటదని చెబుతున్నాయి. అంతకుముందు దశ ఎంతసేపన్నది మాత్రం మనిషినిబట్టి ఎంతైనా మారవచ్చు. ఆ ముందు దశనంతా ఆసుపత్రి మంచంమీద గడియారం చూస్తూ గడపడం వల్లనే "ఇంకా కాలేదా" అన్న కంగారు తల్లిలోనూ, బయట కూర్చున్న బంధువులలోనూ, ఒక్కోసారి వైద్యులలోనూ పెరుగుతుందని ఆవిడ అభిప్రాయం. తల్లీబిడ్డలిద్దరూ బాగుండి, డాక్టరు వద్దనకపోతే, ఆ సమయాన్ని ఇంట్లోనే గడపడం మేలని చెప్పారు. ఇచ్చిన తేదీకే కాన్పయ్యేవారు నూటికి నలుగురైదుగురేనని కూడా ఇక్కడే విన్నాను. తేదీ దాటిన మరునాటినుంచి ఫోన్లు చేసే బంధువులకు ఈ ఒక్క వాక్యం చెప్పి చాలా ప్రశాంతత సంపాదించుకున్నాను.

నొప్పి గురించిన తరగతిలో ఆవిడ అందరి చేతుల్లోనూ మంచుముక్క పెట్టి ఒక నిమిషం పట్టుకోమన్నారు. మొదటిసారి ఏమీ చెప్పకుండా, రెండోసారి నెమ్మదిగా ఊపిరి వదలడంమీద మనసు పెట్టి. రెండోసారి నొప్పి తగ్గిందని నేను చెప్పలేను, కాని నిమిషం చిన్నదైంది. ఆ తరువాత ఒక లెక్క వేయించారు. నొప్పులు బాగా ఊపందుకున్నప్పుడు కూడా పది నిమిషాలకు నాలుగు, ఒక్కొక్కటి నిమిషం అనుకుంటే, గంటలో నొప్పి ఉండేది 24 నిమిషాలు, లేనిది 36 నిమిషాలు. పిన్ని కేకల మధ్య ఉన్న నిశ్శబ్దాలను నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. అవి విరామాలని తెలియక, తరువాతి కేక కోసం ఎదురుచూసిన సమయంగానే గుర్తుపెట్టుకున్నాను.

గ్రాంట్లీ డిక్-రీడ్ అనే ఆంగ్ల వైద్యుడు 1930లలోనే, భయం కండరాలను బిగిస్తుందని, బిగువు నొప్పిని పెంచుతుందని, పెరిగిన నొప్పి తిరిగి భయాన్ని పెంచుతుందని ఒక చక్రంగా వివరించాడు. ఫ్రాన్సుకు చెందిన ఫెర్నాండ్ లామాజ్ 1951లో సోవియట్ దేశానికి వెళ్ళి, అక్కడ చూసిన పద్ధతిని పారిస్‌కు తెచ్చి ఊపిరి సాధనలకు ప్రచారం కల్పించాడు. ఈ చరిత్రను ఆవిడ పది నిమిషాల్లో ముగించి, దానికి వెంటనే ఒక హెచ్చరిక కూడా జోడించారు: భయం పోతే నొప్పి ఉండదని ఎవరైనా అంటే నమ్మవద్దని, నొప్పి ఎక్కువైన తల్లిని "నువ్వు భయపడ్డావు కాబట్టే" అని నిందించడానికి ఈ సిద్ధాంతాన్ని వాడుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారని. నొప్పి తెలియకుండా వెన్నులోకి సన్నని గొట్టం ద్వారా మందు ఎక్కించే ఎపిడ్యూరల్ ఎలా ఇస్తారు, ఎంత ఉపశమనం ఉంటుంది, కాళ్ళు బరువెక్కడం, రక్తపోటు తగ్గడం వంటి ఇబ్బందులేమిటి, సగం నైట్రస్ ఆక్సైడు, సగం ఆక్సిజన్ కలిపిన వాయువును మాస్కుతో పీల్చడం ఎలా ఉంటుంది అన్నవి ఏ పక్షమూ వహించకుండా చెప్పారు.

నాలుగో తరగతికి ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకురావచ్చు. మా అమ్మ జనగామ దగ్గరి మా ఊరినుంచి వచ్చింది. అమ్మకు ముగ్గురు పిల్లలం, అందులో ఇద్దరం ఇంట్లోనే మంత్రసాని చేతుల్లో పుట్టాం. దొంగ నొప్పులనూ అసలు నొప్పులనూ గుర్తుపట్టే పాఠంలో, నీళ్ళు తాగి, వేడినీళ్ళ స్నానం చేసి, కాసేపు అటూ ఇటూ తిరిగి చూడమని, తగ్గిపోతే దొంగవి, తగ్గకుండా దగ్గరదగ్గరగా వస్తుంటే అసలైనవి అని ఆవిడ చెబుతుండగా, అమ్మ వెనకనుంచి "జీలకర్ర కషాయం అందుకే ఇస్తరు కదమ్మా మేడమ్" అంది. గదిలో ఒక్కసారి నవ్వులు వినిపించాయి. ఆవిడ మాత్రం నవ్వకుండా అమ్మను ముందుకు పిలిచి, మంత్రసాని ఏమేం చేసేదో చెప్పమన్నారు. పడుకోనిచ్చేది కాదని, దూలానికి వేలాడదీసిన తాడు పట్టుకుని నిలబడమనేదని, మధ్యమధ్య గంజి తాగించేదని, నడుము రాస్తూ పక్కనే కూర్చునేదని అమ్మ చెప్పింది. తక్కువ ప్రమాదమున్న కాన్పుల్లో తల్లిని నడవనివ్వాలని, నిటారుగా ఉండే భంగిమలను ప్రోత్సహించాలని, తాగడానికీ తినడానికీ ఇవ్వాలని, తనకు నచ్చిన మనిషిని తోడుగా ఉండనివ్వాలని 2018 మార్గదర్శకాల్లో ఉన్న నాలుగు అంశాలను ఆవిడ ఆ మాటల పక్కనే బోర్డుమీద రాశారు. ఆ వెంటనే, మంత్రసానికి అందుబాటులో లేనివేమిటో కూడా రాశారు: రక్తం ఎక్కించడం, బిడ్డ గుండె చప్పుడు లెక్కించడం, శుభ్రమైన పనిముట్లు. మా ఊళ్ళో ఆ మంత్రసాని చేతుల్లోనే మాయ (ప్లాసెంటా) పడక ఒక కోడలు చనిపోయిందని అమ్మ ఆ రాత్రి ఇంటికి వచ్చాక చెప్పింది. అప్పటిదాకా ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు భయపడతవని" అంది.

భర్తల తరగతి గురించి తక్కువగానే రాస్తాను. నడుము కింద అరచేతితో గట్టిగా అదమడం, టెన్నిస్ బంతితో రాయడం, మాటిమాటికీ "ఇంకెంతసేపు" అని అడగకపోవడం, ఇవి నేర్పారు. మావారు వీటిలో మొదటిదానిలో ఆరితేరారు, మూడోదానిలో తప్పారు. ప్రసవమంతా ఒక మనిషి తోడు ఉండటం వల్ల ఆపరేషన్లు తగ్గుతాయని, నొప్పుల సమయం కొంత తగ్గుతుందని 15,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన 26 అధ్యయనాలను క్రోడీకరించి 2017లో, వైద్య పరిశోధనలను మదింపు చేసే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ 'లక్ష్య' కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసూతి గదుల్లోనూ తోడు మనిషిని అనుమతించాలంటోంది. నా రెండో భయానికి ఇదే మందు కాబట్టి, చూపించుకుంటున్న ఆసుపత్రిలో తోడుగా ఎవరిని రానిస్తారో ముందే అడిగి, ఒకసారి ప్రసూతి గదిని చూసి వచ్చాను. పచ్చరంగు తెరలు, గోడ గడియారం, ఒక మామూలు మంచం. వరండాలో కూర్చుని నేను ఊహించుకున్న గదికీ దీనికీ పోలికే లేదు.

ఇక లోపాలు. మొదటిది చిన్నది కాదు. ఆరు తరగతుల్లో ఆపరేషన్‌కు కేటాయించింది అరగంట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం ఆపరేషన్లే. దేశం మొత్తంమీద ఇది 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. ఈ అంకెల వెనుక ముహూర్తాల పిచ్చి, నొప్పుల భయం, ఆసుపత్రుల సౌకర్యం, అన్నీ ఉన్నాయి. అనవసరమైన ఆపరేషన్లు తగ్గాలన్న ఆవిడ పట్టుదలను తప్పుపట్టను. కాని ఇక్కడి తరగతి గదిలో ఎనిమిదిమంది గర్భిణులు కూర్చుంటే వారిలో కనీసం ముగ్గురు నలుగురు ఆ బల్లమీదికి వెళ్ళబోతున్నారు. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చాక మెలకువగానే ఉంటామని, నొప్పి తెలియకపోయినా లోపల లాగుతున్నట్టు తెలుస్తుందని, ఒక్కోసారి ఒళ్ళు వణుకుతుందని, మొదటిసారి లేచి నిలబడటం ఎంత కష్టమో, కుట్లకు తగలకుండా బిడ్డను ఎలా పట్టుకుని పాలివ్వాలో వీళ్ళకు ఎవరు చెబుతారు? మా బ్యాచ్‌లో ఒకామెకు బిడ్డ ఎదురుకాళ్ళతో ఉండటం వల్ల ముందే తేదీ ఇచ్చి ఆపరేషన్ చేశారు. ఆమె తరువాత నాతో, "అయిదు వారాలు ఊపిరి పీల్చడం నేర్చుకున్నాను, అక్కడ చల్లగా ఉంటుందని మాత్రం ఎవరూ చెప్పలేదు" అంది. తరగతి గది గోడమీద "విజయగాథలు" అని రాసిన బోర్డుకు మామూలు కాన్పుల ఫొటోలే అంటించి ఉన్నాయి. పిల్లలతో అందరం మళ్ళీ కలిసిన రోజున ఆమె ఆ బోర్డు ముందు కాసేపు నిలబడి, "మావాడి ఫొటో పెట్టరా మేడమ్?" అని మామూలుగానే అడిగింది. ఆవిడ ముఖం వాడిపోయింది.

రెండోది, ప్రతి తరగతి చివరా పంచే ధైర్యవచనాల కార్డులు. "నా శరీరానికి అన్నీ తెలుసు" అని ఒక కార్డుమీద ఉంది. అన్నీ తెలిస్తే రుసుము కట్టి ఇక్కడికి ఎందుకు వచ్చామని నాకు సందేహం కలిగింది. మాలో రక్తపోటు ఎక్కువగా ఉన్న ఒక అమ్మాయి ఆ కార్డును చదివి మౌనంగా పక్కన పెట్టేసింది. సగం తరగతి కళ్ళు మూసుకుని ఆ వాక్యాలు వల్లించడంతో సరిపోయిన శనివారం కూడా ఒకటుంది, అది నా దృష్టిలో పోయిన డబ్బే.

భాష మరో ఇబ్బంది. మాట్లాడేది ముప్పాతిక వంతు ఇంగ్లీషు, ఇచ్చే అరవై పేజీల పుస్తకం మొత్తం ఇంగ్లీషు. పెద్దవాళ్ళు వచ్చిన రోజు ఆవిడ తెలుగులో చెప్పబోయి "గర్భాశయ ముఖద్వారం" అంటే మా అమ్మకు అర్థం కాలేదు, "సర్విక్స్" అన్నా అర్థం కాలేదు, నేను "గర్భసంచి మూతి" అన్నాక తలూపింది. కాన్పు గదిలో పక్కన ఉండబోయేది ఆ అమ్మలూ అత్తలే కదా. బాలింత రోజుల గురించి, పాలివ్వడం గురించి చివరి ముప్పావుగంటలో హడావిడిగా చెప్పి, వివరాలకు మరో 2,500 రూపాయల తరగతి ఉందనడం కూడా నాకు నచ్చలేదు.

నా కాన్పు విషయానికి వస్తే, తేదీ దాటిన రెండో రోజు రాత్రి పదకొండు గంటలకు నొప్పులు మొదలయ్యాయి. అమ్మ జీలకర్ర కషాయం ఇచ్చింది, స్నానం చేశాను, తగ్గలేదు. మా డాక్టరు ముందే చెప్పిన ప్రకారం, అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషంపాటు, గంటసేపు ఆగకుండా వచ్చేదాకా కాగితంమీద రాసుకుంటూ ఇంట్లోనే ఉండి, తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాం. వెళ్ళేసరికి నాలుగు సెంటీమీటర్లు. పదకొండు గంటలకు ఆరు సెంటీమీటర్ల దగ్గర ఎపిడ్యూరల్ అడిగి తీసుకున్నాను, దానికి బాధపడలేదు. మధ్యాహ్నం ఒకసారి బిడ్డ గుండె చప్పుడు తగ్గి, ఒకేసారి ముగ్గురు లోపలికి వచ్చినప్పుడు, నేర్చుకున్న ఊపిరి సాధన ఒక్కటీ గుర్తురాలేదు; తొమ్మిదేళ్ళనాటి వరండా మొత్తం తిరిగి వచ్చింది. అప్పుడు నేను చేయగలిగింది "ఏమవుతోంది?" అని అడగడం. "బొడ్డుతాడు నొక్కుకుంటున్నట్టుందమ్మా, ఎడమవైపు తిరగండి, చూద్దాం" అంది నర్సు. తిరిగాను. చప్పుడు మళ్ళీ సరిగ్గా వినిపించేదాకా ఆమె నా చెయ్యి వదలలేదు. మూడు గంటల నలభై నిమిషాలకు పాప పుట్టింది. చిన్న చీలిక, మూడు కుట్లు.

అడగడం నేర్పింది అయిదో తరగతి. ఏ చికిత్స ప్రతిపాదించినా ఎందుకు, ఏం లాభం, ఏం నష్టం, ఇంకో దారి ఉందా, కొంతసేపు ఆగితే ఏమవుతుంది అని అడగమని, అత్యవసరమైతే మాత్రం మొదటి ప్రశ్నతోనే ఆపి వాళ్ళ పని వాళ్ళను చేయనివ్వమని చెప్పి, ఒకరు డాక్టరుగా, ఒకరు గర్భిణిగా ఆడించారు. నాటకంలా అనిపించి అప్పుడు విసుక్కున్నాను. ఆరు వారాల్లో నాకు అక్షరాలా పనికివచ్చిన పాఠాల్లో బెలూను తరువాత ఇదే.

డబ్బు పెట్టలేనివారికి దారి లేదా అంటే, కొంత ఉంది. ప్రతినెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టరు ఉచితంగా చూస్తారు. అడగదలచిన ప్రశ్నలు చీటీమీద రాసుకుని వెళితే ఆ కొద్ది నిమిషాలు వృథా పోవు. తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో మొదలైన మిడ్‌వైఫ్ (కాన్పులు చేసే నర్సు) శిక్షణ పొందిన నర్సులు కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. వారున్నచోట ఇటువంటి వ్యాయామాలు, వివరణలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. మరోవైపు, భయంతో నిద్ర పట్టకపోవడం, గర్భమే వద్దనుకోవడం, మొదటి కాన్పు పీడకలలా వెంటాడటం వంటివి ఉంటే ఈ తరగతి సరిపోదు, మనోవైద్యుల సహాయం కావాలి. 14416 నంబరుకు చేసే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం) ఫోను ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

తొలిచూలువారికి, అందులోనూ భర్తనో తల్లినో వెంటబెట్టుకుని వెళ్ళగలిగినవారికి, ఈ తరగతిని నేను సిఫారసు చేస్తాను. అయిదుకు మూడున్నర మార్కులు. మిగిలిన ఒకటిన్నరలో ఒక మార్కు ఆపరేషన్ పాఠానిది, అర మార్కు కార్డులది. వచ్చే బ్యాచ్‌నుంచి ఆపరేషన్‌మీద ఒక పూర్తి తరగతి పెడుతున్నానని, దానికి మా బ్యాచ్‌లోని ఆ ఎదురుకాళ్ళ బాబు తల్లినే మాట్లాడమని అడిగానని ఆవిడ మొన్న ఫోనులో చెప్పారు. బోర్డుమీద ఇప్పుడు ఆ బాబు ఫొటో కూడా ఉందట. ఆ తరగతిని నేను చూడలేదు కనుక దానికి మార్కులు వేయలేను.